మామగారికి ఫ్లూ టీకా వేయిద్దామంటే ఒప్పుకోవట్లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఏమంటున్నారు?

తెనాలి కోడలు | మే 11, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మా మామగారికి 74 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది. వ్యవసాయం చేసినన్నాళ్లూ చుట్ట తాగారు, అందుకని ఊపిరితిత్తులు కూడా అంతంత మాత్రమే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు వానలు మొదలవక ముందే ఫ్లూ టీకా వేయించమని చీటీ రాసిచ్చారు. మామగారు ఆ చీటీ మడిచి పంచాంగంలో పెట్టేశారు. "జలుబుకి సూదేంటమ్మా, నాలుగు మిరియాలు నమిలితే పోతుంది. ఒళ్లు బాగున్నవాడు సూది వేయించుకోవడం ఎక్కడి చోద్యం?" అంటారు.

అత్తయ్యగారిది వేరే భయం. కోవిడ్ టీకా తర్వాత మా వీధిలో ఇద్దరికి గుండెపోటు వచ్చింది, ఇప్పుడు ఇంకో టీకా ఎందుకు అని. మా ఆయన లెక్కల మనిషి. సగం మందికే పనిచేసేదానికి రెండు వేలు ఎందుకంటారు.

ఒకే ఇంట్లో మూడు రకాల కారణాలు. ముగ్గురికీ ఒకే మాట చెప్తే సరిపోదని మాత్రం అర్థమైంది. మీ ఇళ్లలో ఎలా ఉంది? ఎవరైనా ఒప్పించగలిగారా?

---

ఓరుగల్లు బిడ్డ | మే 11, ఉదయం 11:05

అక్కా, మా బాపు గూడ అచ్చం గిట్లనే. కాల్ల మొల గుచ్చుకుంటె టీటీ సూది ఏపిచ్చుకునేదాక ఊకోడు. జరమొస్తె సూది ఎయ్యని డాక్టరు డాక్టరే కాదంటడు, గోలీలు రాసిస్తె పైసలు దండుగ అంటడు. కుక్క కరిస్తె ఎన్ని సూదులైనా సరే. గా మనిషే ఫ్లూ సూది అనంగనే "నాకేమైందిరా, మంచిగనే ఉన్న గద" అంటడు.

అంటే సూదికి భయపడుడు గాదు. రోగమొచ్చినంక ఏసే సూది మీద మస్తు నమ్మకం. రాకముందు ఏసేది ఏందో ఆయనకు పట్టదు. పోలియో చుక్కలు పిల్లలకు, టీటీ కడుపుతోని ఉన్నోళ్లకు, మరి పెద్దోళ్లకు టీకా ఏందని అడుగుతడు. మన ఊర్లళ్ల అరవై దాటినోళ్లకు టీకాలుంటయని ఎవలు చెప్పిన్రు? సర్కారు దవాఖానల గూడ ఆ ముచ్చట ఎన్నడు ఇనలే.

---

ప్రజారోగ్యం చదువుతున్నా | మే 11, మధ్యాహ్నం 1:40

ఓరుగల్లు బిడ్డ గారు చెప్పిన విషయం మా పాఠాల్లో మొదటి అధ్యాయం. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలకు ఒక చిక్కు ఎదురైంది. క్షయ పట్టుకోవడానికి ఛాతీ ఎక్స్‌రే బళ్లను వీధి చివరిదాకా పంపుతున్నా, పైసా ఖర్చు లేకపోయినా జనం రావట్లేదు. గాడ్‌ఫ్రీ హాక్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్ లాంటివాళ్లు ఎందుకు రావట్లేదో జనాన్నే అడిగి తెలుసుకున్నారు. ఆరోగ్య విశ్వాస నమూనా అని ఇప్పుడు మేం చదువుకునేది అక్కడే పుట్టింది.

దాని సారం ఇది. మనిషి తనకు తెలియకుండానే కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు. ఇది నాకు వస్తుందా? వస్తే ఎంత ప్రమాదం? టీకా వేసుకుంటే ఏం ఒరుగుతుంది? వేసుకోవడానికి అడ్డేంటి, ఖర్చా, నొప్పా, దూరమా, భయమా? వీటికి తోడు ఎవరో ఒకరు, ఏదో ఒకటి ఆ క్షణాన కదిలించాలి. "ఇది నేను చేయగలను" అన్న ధీమా కూడా ఉండాలని 1988లో రోజెన్‌స్టాక్, మరి ఇద్దరు కలిసి చేర్చారు.

తెనాలి కోడలు గారి ఇంట్లో మామగారు ఆగింది రెండో ప్రశ్న దగ్గర, ఫ్లూ అంటే మామూలు జలుబే కదా అని. అత్తయ్యగారు ఆగింది అడ్డంకి దగ్గర, అంటే భయం. మీవారు లాభం దగ్గర. కాబట్టి మీ అనుమానం నిజమే, ముగ్గురికీ ఒకే జవాబు పనికిరాదు. మామగారికి టీకా ఎంత భద్రమో గంటసేపు చెప్పినా లాభం లేదు, ఆయన ప్రశ్న అది కాదు కాబట్టి.

---

లెక్క తేలాలి | మే 11, మధ్యాహ్నం 3:15

తెనాలి కోడలు గారి భర్త తరఫున నేను మాట్లాడతాను. ఆయన్ను మొండివాడు అనకండి. ఫ్లూ వైరస్ ఏటా రూపు మారుస్తుంది, అందుకే టీకా కూడా ఏటా మారుతుంది. కలిసొచ్చిన ఏడాది రక్షణ 40 నుంచి 60 శాతం. అమెరికాలో 2014-15 సీజన్లో వైరస్ ఒకలా, టీకా ఒకలా అయిపోయి రక్షణ 20 శాతం లోపే ఉంది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో ఒక్కరికి ఫ్లూ రాకుండా ఆపాలంటే 71 మందికి టీకా వేయాలి. నేను టీకాలకు వ్యతిరేకిని కాదు, మా పిల్లలకు అన్నీ వేయించాను. ఏటా డబ్బు పెట్టి వేయించుకోమన్నప్పుడు ఈ అంకెలు ముందు పెట్టి మాట్లాడాలి. "వేయించుకోండి, మంచిది" అంటే నాలాంటివాళ్లు వినరు.

---

పిల్లల డాక్టర్ | మే 11, రాత్రి 9:30

లెక్క తేలాలి గారూ, మీ అంకెలు సరైనవే. మా వృత్తిలో చాలామంది వీటిని రోగికి చెప్పరు, చెప్పాలి. అయితే అదే కాక్రేన్ వాళ్లు అదే ఏడాది 65 దాటినవారికి కూడా లెక్క వేశారు. అక్కడ ఒక్కరిని కాపాడటానికి వేయాల్సింది 30 మందికి. 71 అన్నది ఒంట్లో ఏ జబ్బూ లేనివారి లెక్క. తెనాలి కోడలు గారి మామగారికి వయసుంది, షుగరుంది, ఆయాసముంది. ఆయన ఆ లెక్కలోకి రారు.

ఇంకో మాట. 60 శాతం అంటే మిగతా 40 మందికి ఏ మేలూ లేదని కాదు. టీకా వేసుకున్నాక ఫ్లూ వచ్చినా ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం, ఐసీయూ దాకా వెళ్లే ముప్పు తగ్గుతాయి. పెద్దవాళ్లలో మేం చూసేది ఆ తేడానే. హెల్మెట్ పెట్టుకున్నవాడు బండి మీంచి పడడని మనం అనం కదా, పడ్డా తల మిగులుతుందని పెట్టుకుంటాం.

గుండె సంగతి కూడా చెప్తాను, అత్తయ్యగారి భయానికి దీనితో సంబంధం ఉంది. కెనడాలోని ఒంటారియోలో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. పరీక్షలో ఫ్లూ అని తేలిన వారం రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే సుమారు ఆరు రెట్లు ఉన్నట్టు తేలింది. ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లంతా వాపు ప్రక్రియ రేగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, జ్వరంతో గుండె వేగంగా కొట్టుకుంటుంది. అప్పటికే నాళాలు పూడుకుపోయినవారికి ఆ వారం గండమే. 2021లో వచ్చిన మరో పరీక్షలో, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారికి అక్కడే ఫ్లూ టీకా వేస్తే ఏడాదిలో మరణాలు, మళ్లీ గుండెపోట్లు కలిపి పావు వంతుకు పైగా తగ్గాయి. గుండె గురించి భయపడేవాళ్లకే ఈ టీకా ఎక్కువ అవసరం.

---

కషాయం మేలు | మే 12, ఉదయం 6:50

మా అమ్మమ్మ తొంభై దాటి బతికింది. ఏ టీకా ఎరుగదు. శొంఠి, మిరియాలు, తులసి, వాము. పడిశం పట్టగానే పసుపు వేసి ఆవిరి పట్టేది, మూడు రోజులు చారన్నం తప్ప ఇంకోటి పెట్టేది కాదు. ఒంట్లోకి వచ్చిన రోగాన్ని ఒళ్లే తరిమేయాలి, అప్పుడే ఒంటికి శక్తి వస్తుంది. ప్రతిదానికీ సూది మందు పడితే ఒళ్లు సొంతంగా పోరాడటం మర్చిపోతుందని నా నమ్మకం. ఎవరినీ వేయించుకోవద్దని అనను. మా పద్ధతిని మూఢనమ్మకం అని మాత్రం అనకండి.

---

నర్సమ్మ | మే 12, ఉదయం 8:25

కషాయం మేలు గారూ, మీ పద్ధతిని ఇక్కడ ఎవరూ తక్కువ చేయట్లేదు. ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుంది, వేడి చారు తాగితే గొంతుకు హాయి. వార్డులో నేనూ రోగులకు అదే చెప్తాను. అది వచ్చిన బాధను ఓర్చుకోవడానికి. ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగితే శొంఠి అక్కడిదాకా వెళ్లదు. 2015 జనవరి, ఫిబ్రవరిల్లో హైదరాబాద్‌లో నేను డ్యూటీలో ఉన్నాను. స్వైన్ ఫ్లూతో వచ్చినవాళ్లలో నలభై ఏళ్లవాళ్లు కూడా ఉన్నారు, ముందురోజు దాకా ఆఫీసుకు వెళ్లినవాళ్లు. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద దాదాపు 3,000 మంది పోయారు.

ఒళ్లు పోరాడటం మర్చిపోతుందన్నారు. టీకా చేసేది దానికి పూర్తిగా ఎదురు. చంపేసిన వైరస్ ముక్కలను ఒంటికి చూపిస్తుంది, పోరాడేది మన ఒళ్లే. అలా సిద్ధం కావడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాల్లో ఎక్కడో ఇంకో వైరస్ తగిలి జలుబు చేస్తుంది. "టీకా వేసుకుంటే జ్వరం వచ్చింది" అన్న మాట చాలా ఇళ్లలో ఇలాగే పుడుతుంది. సూది మందులో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉంటాయి. పెద్దవాళ్లలో సగంమందికి టీకా, సగంమందికి ఉత్త ఉప్పునీటి సూది వేసి చూసిన పరీక్షల్లో తేడా ప్రధానంగా చేతి నొప్పిలోనే కనపడింది. జ్వరం, ఒళ్లునొప్పులు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా సిబ్బందిలోనే ఏటా వేయించుకోనివాళ్లు చాలామంది. "మేం రోజూ రోగుల మధ్యే ఉంటాం, మాకు అలవాటైపోయింది" అంటారు. నర్సు వేయించుకోకపోతే రోగికి ఏ మొహంతో చెప్తుంది? కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లో మొదట ఉండేది ఆరోగ్య సిబ్బందే. ఈ విషయం మీద నాకు చాలా బాధ ఉంది.

---

ప్రజారోగ్యం చదువుతున్నా | మే 12, ఉదయం 10:10

నర్సమ్మ గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త జోడిస్తాను. అమెరికాలో బ్రెండన్ నైహాన్, జేసన్ రైఫ్లర్ అనే ఇద్దరు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ 43 శాతం మంది ఫ్లూ టీకా వల్లే ఫ్లూ వస్తుందని నమ్ముతున్నారు. అది నిజం కాదని వివరంగా రాసి చూపిస్తే ఆ నమ్మకం తగ్గింది. కానీ దుష్ప్రభావాల గురించి ముందే బాగా భయపడుతున్నవాళ్లలో, నమ్మకం తగ్గినా, టీకా వేయించుకోవాలన్న ఉద్దేశం కూడా తగ్గింది! పైకి చెప్పిన కారణాన్ని మనం కొట్టేస్తే లోపలి భయం ఇంకో కారణం వెతుక్కున్నట్టుంది.

అందుకే అత్తయ్యగారితో వాదించి గెలవాలని చూడకండి. ముందు ఆవిడ వీధిలో ఏం జరిగిందో ఆవిడ మాటల్లోనే పూర్తిగా చెప్పనివ్వండి. ఆ ఇద్దరూ తెలిసినవాళ్లు, ఆ బాధ నిజమైనది. తర్వాత కావాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పండి. 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయినవారి వివరాలు దేశవ్యాప్తంగా సేకరించి చూస్తే, కోవిడ్ టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు తేలలేదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, అంతకుముందు రెండు రోజుల్లో విపరీతంగా మద్యం తాగడం లాంటివి కనిపించాయి.

---

లెక్క తేలాలి | మే 12, ఉదయం 11:30

పిల్లల డాక్టర్ గారు 71కి, 30కి తేడా చెప్పడం నచ్చింది. ఇలా ఎవరి లెక్క వారికి విడిగా చెప్తే వింటాం. మరి 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేసి పక్షవాతం లాంటి జబ్బు వస్తోందని ఆపేశారు కదా, దాని సంగతేంటి?

---

పిల్లల డాక్టర్ | మే 12, రాత్రి 10:05

అడగాల్సిన ప్రశ్నే. ఆ జబ్బు పేరు గులియన్ బారే. 1976లో సుమారు నాలుగున్నర కోట్ల మందికి వేశాక, ప్రతి లక్ష మందిలో అదనంగా ఒకరికి ఆ జబ్బు వచ్చిందని తేలింది. భయపడిన ఆ మహమ్మారి ఎటూ రాలేదు కూడా, అందుకని డిసెంబరులో ఆపేశారు. ఆపడం సరైన నిర్ణయం. ఇప్పటి టీకాలతో ఆ ముప్పు ఉన్నా పది లక్షల్లో ఒకటి రెండుకు మించదు. ఫ్లూ జబ్బు వచ్చినవాళ్లలో కూడా అదే గులియన్ బారే వస్తుంది, టీకాతో కంటే ఎక్కువగానే. గతంలో ఎవరికైనా టీకా వేసిన ఆరు వారాల్లో అది వచ్చి ఉంటే తప్పకుండా డాక్టరుకు చెప్పాలి.

---

మందుల కొట్టు | మే 12, రాత్రి 10:50

చిన్న టౌన్లో మెడికల్ షాపు నడుపుతున్నాను. మీరంతా నమ్మకాల గురించి మాట్లాడుతున్నారు, నేను ఫ్రిజ్ గురించి మాట్లాడతాను. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకడితే పనికిరాదు, ఎండ తగిలినా పనికిరాదు. ఒక సీజన్ సరుకు మరుసటి ఏడాదికి పనికిరాదు. మిగిలింది ఎవరు భరిస్తారు? అందుకని మాలాంటివాళ్లం పది డోసులు తెప్పించడానికి కూడా ఆలోచిస్తాం. చీటీ పట్టుకుని వచ్చినవాళ్లకు "రేపు తెప్పిస్తాం" అంటాం. ఆ రేపటికి సగంమంది రారు. మనసు మార్చుకోవడానికి ఒక్క రాత్రి చాలు.

కొనేవాళ్లకు ఒక మాట. అట్ట పెట్టె మీద ఏ సీజన్‌దో, గడువు తేదీ ఎప్పుడో చూడండి. ఐసు ప్యాకు పెట్టిన డబ్బాలో ఇవ్వమని అడగండి. వీలైతే డాక్టరు దగ్గరే ఉన్న సరుకు వేయించుకోండి, తిరుగుడు తప్పుతుంది. 2015లో స్వైన్ ఫ్లూ భయానికి జనం షాపుల ముందు ఎగబడ్డారు, సరుకు దొరకలేదు. మరుసటి ఏడాది వానాకాలానికి అడిగేవాళ్లే లేరు. టీవీలో వార్త ఆగిపోతే బేరం కూడా ఆగిపోతుంది.

---

ఓరుగల్లు బిడ్డ | మే 13, ఉదయం 7:15

అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రెండు వేలంటే కూలికి పోయేటోళ్లకు మూడు నాలుగు దినాల కూలి. ఇంట్ల ముసలోళ్లు ఇద్దరుంటె నాలుగు వేలు, అదీ ఏటేటా. గిది సర్కారు పిల్లల టీకాల లెక్క పీహెచ్‌సీల ఇయ్యాలె. అప్పుడు ఆశక్క ఇంటికొచ్చి చెప్తది. ఆశక్క చెప్తె మా బాపు ఇంటడు, నేను చెప్తె ఇనడు.

---

డాలస్ అమ్మాయి | మే 13, ఉదయం 8:40

ఇక్కడ డబ్బు అడ్డు కాదు. ఇన్సూరెన్స్ ఉంటే చాలాచోట్ల ఉచితం, కిరాణా సామాన్లు కొనే దుకాణంలోనే వేసేస్తారు. అయినా పెద్దల్లో సగంమంది వేయించుకోరు. మన తెలుగువాళ్లలో కూడా "నేను ఇంటి నుంచే పనిచేస్తాను, నాకెందుకు" అనేవాళ్లు బోలెడు. ఇంట్లో పసిపిల్ల ఉంటుంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు, బడికెళ్లే పెద్దాడు ఏదో ఒకటి మోసుకొస్తాడు.

ఇక్కడ చేసిన కొన్ని అధ్యయనాలు చదివాను. రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో కొంతమంది ఉద్యోగులకు "టీకా దొరుకుతుంది, కావాలంటే అపాయింట్‌మెంట్ తీసుకోండి" అని రాశారు. మిగతావాళ్లకు "ఫలానా రోజు, ఫలానా టైముకు మీకు అపాయింట్‌మెంట్ పెట్టాం, వద్దనుకుంటే మార్చుకోండి" అని రాశారు. మొదటి గుంపులో 33 శాతం వేయించుకుంటే, రెండో గుంపులో 45 శాతం. ఎవరి అభిప్రాయమూ మార్చలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. వాల్‌మార్ట్ ఫార్మసీ కస్టమర్లకు రకరకాల మెసేజ్‌లు పంపి చూసిన పెద్ద అధ్యయనంలో కూడా, "మీ కోసం ఒక ఫ్లూ టీకా సిద్ధంగా ఉంది" అన్న మాటే అన్నిటికంటే బాగా పనిచేసింది.

తెనాలి కోడలు గారూ, మామగారిని "వేయించుకుంటారా?" అని అడగకండి. "బుధవారం షుగర్ చెకప్‌కి వెళ్తున్నాం, అప్పుడే టీకా కూడా వేస్తామన్నారు" అని చెప్పి చూడండి. వద్దంటే బలవంతం చేయొద్దు.

---

రాజమండ్రి వాసి | మే 13, సాయంత్రం 5:20

ఎవరూ ఎత్తని విషయం ఒకటి. మా నాన్నగారు నిష్ఠగా ఉండే మనిషి, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. ఈ టీకా కోడిగుడ్లలో పెంచుతారని ఎక్కడో చదివి, ససేమిరా అన్నారు. ఇది నిజమేనా? నిజమైతే ఆయనకు చెప్పకుండా వేయించేయమని మా అన్నయ్య అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు.

---

నర్సమ్మ | మే 13, రాత్రి 8:00

నిజమే. ఎక్కువ ఫ్లూ టీకాలకు వైరస్‌ను కోడిగుడ్లలో పెంచి, చంపి, శుద్ధి చేస్తారు. చివరికి డోసులో మిగిలే గుడ్డు ప్రొటీన్ సాధారణంగా ఒక మైక్రోగ్రాము లోపే. గుడ్డు పడనివాళ్లు కూడా వేయించుకోవచ్చని ఇప్పుడు వైద్యులు చెప్తున్నారు. గుడ్డుతో పని లేకుండా కణాల్లో పెంచేవి, ప్రొటీన్‌ను విడిగా తయారుచేసేవి అమెరికాలో దొరుకుతాయి.

అయినా దయచేసి చెప్పకుండా వేయించొద్దు. రేపు ఎలాగో తెలుస్తుంది. ఆ తర్వాత ఆయన ఏ మందునూ నమ్మరు, మిమ్మల్నీ నమ్మరు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఎంత మిగులుతుందో చెప్పండి. ఆయన గౌరవించే పెద్దవాళ్లు, గురువుగారు ఎవరైనా ఉంటే వారిని అడగమనండి. ఆపద్ధర్మం అని మన పెద్దలే అన్నారు, ఆ మాట ఆయనకు నచ్చినవాళ్ల నోట వస్తే వేరు. అప్పటికీ వద్దంటే అది ఆయన నిర్ణయం. ఇంట్లో మిగతావాళ్లంతా వేయించుకుంటే ఆయన దాకా జబ్బు వచ్చే దారి తగ్గుతుంది.

---

రాజమండ్రి వాసి | మే 13, రాత్రి 8:35

చాలా థాంక్సండీ. అన్నయ్యకు ఇదే చూపిస్తాను.

---

కొత్త అమ్మ | మే 14, ఉదయం 9:50

నాకు ఏడో నెల. డాక్టరమ్మ ఫ్లూ టీకా రాశారు. మా అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు వేడి చేస్తుంది, వద్దు" అంటున్నారు. టీటీ వేయించినప్పుడు ఏమీ అనలేదు, పైగా దగ్గరుండి తీసుకెళ్లారు. ఏం చేయాలి?

---

పిల్లల డాక్టర్ | మే 14, మధ్యాహ్నం 2:15

అమ్మా, మీ అత్తగారికి టీటీ తెలిసిన సూది, అందరూ వేయించుకునేది. ఇది కొత్త. అంతకుమించి ఆవిడ మనసులో ఇంకేం ఉందో అడగండి.

విషయం ఏంటంటే, గర్భంతో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల మీద, గుండె మీద భారం ఎక్కువ. అప్పుడు ఫ్లూ వస్తే మామూలువాళ్లకంటే తీవ్రంగా ఉంటుంది. 2009 స్వైన్ ఫ్లూలో ప్రపంచమంతా అది చూసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఫ్లూ టీకా విషయంలో గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. రెండో లాభం బిడ్డకు. ఆరు నెలల లోపు పసివాళ్లకు ఈ టీకా వేయరు, వాళ్లకు రక్షణ తల్లి నుంచే రావాలి. పక్కనున్న బంగ్లాదేశ్‌లోని ఢాకాలో గర్భిణులకు వేసి చూస్తే, పుట్టిన బిడ్డల్లో పరీక్షతో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. అది 2008లో ప్రచురించారు. మన ఇళ్లలాంటి ఇళ్లే, మన వాతావరణమే.

"నాకోసం కాదత్తయ్యా, మీ మనవడికోసం" అని చెప్పి చూడండి. ఆవిడ టీటీకి తీసుకెళ్లిందీ అందుకే కదా. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఏ టీకా విషయంలోనైనా జనాన్ని ఎక్కువగా కదిలించేది తాము నమ్మే డాక్టరు నోటిమాటే.

---

కషాయం మేలు | మే 14, సాయంత్రం 6:30

పసిబిడ్డకు తల్లి నుంచే రక్షణ వెళ్తుందన్నది నాకు కొత్త సంగతి. ముర్రుపాల్లో ఉండే శక్తి గురించి మా అమ్మమ్మ కూడా అలాగే చెప్పేది. నా సంగతికొస్తే నేను వేయించుకోను, నాకు యాభై, ఏ జబ్బూ లేదు. మా అమ్మకు మాత్రం ఆయాసం ఉంది. ఆమెను అడుగుతాను. ఆమె సరేనంటే నేనే తీసుకెళ్తాను.

---

తెనాలి కోడలు | మే 16, ఉదయం 11:00

అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారి మాటలు మొత్తం విన్నాను. ఆ ఇద్దరిలో ఒకాయన అంతకుముందే స్టెంట్ వేయించుకున్న మనిషి అని ఆవిడే చెప్పారు. డాక్టరు గుండె గురించి రాసినది చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ "ముందు మీ మామయ్యకు వేయించు, నా సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. మా ఆయన 30, 71 లెక్క చూసి డబ్బు గురించి ఇంకేం అడగలేదు. మామగారు ఇంకా ఔననలేదు. "ఫ్లూ వస్తే ఆసుపత్రిలో పడుకోవాలి, పొలం చూసేవాళ్లు ఉండరు" అంటే మాత్రం ఆలోచనలో పడ్డారు.

రెండు సందేహాలు. ఇప్పుడు మే నెలలో వేయిస్తే సరైన సమయమేనా? న్యుమోనియా టీకా కూడా అదే రోజు వేయించవచ్చా?

---

పిల్లల డాక్టర్ | మే 16, రాత్రి 9:45

సరైన సమయమే. మన రెండు రాష్ట్రాల్లో ఫ్లూ ఎక్కువగా వచ్చేది వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా. చలికాలం చివర మరోసారి తలెత్తుతుంది. కశ్మీర్‌లో అయితే చలికాలమే ప్రధానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెప్తుంది. దక్షిణార్ధ గోళానికి సెప్టెంబరులో చెప్తే ఆ సరుకు మనకు ఏప్రిల్, మే నాటికి అందుతుంది. మీరు అడగాల్సింది ఈ ఏడాది దక్షిణార్ధ గోళం టీకా. గత సీజన్‌లో మిగిలినది అంటగడితే తీసుకోవద్దు.

న్యుమోనియా టీకా అదే రోజు రెండో చేతికి వేయించవచ్చు. అది ఏటా అక్కర్లేదు, ఏ రకం, ఎన్ని డోసులు అన్నది మీ డాక్టరు చెప్తారు. ఆ రోజు మామగారికి బాగా జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగండి, మామూలు జలుబైతే ఆగక్కర్లేదు. వేశాక పదిహేను ఇరవై నిమిషాలు అక్కడే కూర్చోబెట్టండి. షుగర్ మాత్రలు, ఇన్‌హేలర్ ఎప్పట్లాగే వాడుకోవచ్చు.

---

మందుల కొట్టు | మే 16, రాత్రి 10:20

తెనాలి కోడలు గారూ, వెళ్లే ముందురోజు క్లినిక్‌కి ఫోన్ చేసి సరుకు ఉందో లేదో కనుక్కోండి. ఇద్దరికని చెప్పి పక్కన పెట్టించండి, అత్తయ్యగారు అక్కడికి వచ్చాక సరేనన్నా అనొచ్చు.